పికప్ చిన్నదే... గర్జన పెద్దది!

‘బాక్ టు ది ఫ్యూచర్’ చూశారా? 1985లో రాబర్ట్ జెమెకిస్ తీసిన సినిమా. చూడని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాం. మార్టీ అనే కుర్రాడు టైం మెషిన్‌గా మార్చిన ఓ కారెక్కి, ముప్ఫై ఏళ్ళు వెనక్కి, 1955లోకి వెళ్ళిపడతాడు. అక్కడ వాళ్ళమ్మా, నాన్నా ఇంకా స్కూల్లో చదువుకునే పడుచువాళ్ళు. వాళ్ళిద్దరికీ జత కుదిరితే గాని తనకు పుట్టుకే లేదు! చివరికి స్కూలు డాన్సు జరిగే రాత్రి బాండులో గిటారు వాయించే అతని చేతికి దెబ్బ తగిలితే, మన మార్టీయే ఎర్ర గిటారు భుజాన తగిలించుకుని వేదికెక్కుతాడు. మొదట బుద్ధిగానే వాయిస్తాడు. ఆ తర్వాత పూనకం వచ్చినట్టు నేల మీద దొర్లుతూ గిటారు చేత కేకలు పెట్టిస్తాడు. హాల్లో వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని నిలబడిపోతారు.

అన్నట్టు, ఆ సీన్లో మైకేల్ జె. ఫాక్స్ చేసిందంతా అభినయమే. పాట పాడింది మార్క్ కాంప్‌బెల్ అయితే, గిటారు వాయించింది టిమ్ మే. మన ప్లేబాక్ పద్ధతే అనుకోండి!

ఇంతకీ సంగతేమిటంటే, ఆ సీన్లో ఓ పొరపాటు దొర్లింది. మార్టీ చేతిలోనిది గిబ్సన్ కంపెనీ వారి ఇ.ఎస్. 345 గిటారు. కథ ప్రకారం ఆ డాన్సు జరిగింది 1955 నవంబరు 12న. అప్పటికి ఆ గిటారు పుట్టనే లేదు! గిటారు మాట అలా ఉంచండి... దాని తీగెల కింద తళతళలాడుతూ అగ్గిపెట్టె కన్నా కొంచెం పొడుగ్గా రెండు లోహపు డబ్బీలు కనిపిస్తాయే, ఆ ‘హంబకర్’ పికప్పులు గిబ్సన్ వారి మామూలు గిటార్లలోకి వచ్చిందే 1957లో. తమాషా ఏమిటంటే, వాటిని కనిపెట్టిన ఇంజనీరు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టుకున్నది 1955 జూన్ 22న. అంటే మార్టీ వేదికెక్కిన రాత్రికి ఆ దరఖాస్తు పెట్టి అయిదు నెలలైనా నిండలేదు. కాగితం మీద పికప్ ఉంది, బజారులో గిటారు లేదు!

సినిమా వాళ్ళను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కాని హార్డ్ రాక్ అనగానే మీ చెవుల్లో మోగే ఆ గర్జనకు సగం కారణం ఆ చిన్న డబ్బీలే. గిటారు పట్టిన కుర్రకారు మొట్టమొదట మార్చాలనుకునేదీ దాన్నే. డబ్బు దండగ చేసుకునేదీ దాని దగ్గరే! అందుకే ఈ వారం దాని కథ.

సైకిలు డైనమోకి దగ్గర చుట్టం

పికప్ అంటే మైకు అనుకుంటారు చాలామంది. కాదు. మైకు గాలిలోని శబ్దాన్ని పట్టుకుంటుంది. పికప్‌కు గాలితో పని లేదు. దాని ముందు మీరు ఎంత గొంతు చించుకున్నా ప్రయోజనం తక్కువే.

పాత సైకిళ్ళకు డైనమో ఉండేది, గుర్తుందా? చక్రానికి ఆనుకుని అది తిరిగితే ముందు లైటు వెలిగేది. లోపల రాగితీగ చుట్ట దగ్గర అయస్కాంతం తిరగడమే ఆ కిటుకు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం. గిటారు పికప్‌లోనూ అదే జరుగుతుంది. అయస్కాంతం, దాని చుట్టూ తల వెంట్రుక కన్నా సన్నని రాగితీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగె. మీరు తీగె మీటగానే అది ఊగుతుంది, అయస్కాంత క్షేత్రాన్ని కదుపుతుంది, రాగి చుట్టలో ఇంత విద్యుత్తు పుడుతుంది. అదే వైరు గుండా ఆంప్లిఫయర్‌కు పోయి శబ్దమవుతుంది. నైలాన్ తీగెలు కట్టి చూడండి, కిక్కురుమనదు!

ఆ చుట్టలో ఎన్ని చుట్లున్నాయి, అయస్కాంతం ఎలాంటిది, అది తీగెకు ఎంత దగ్గరగా ఉంది... ఈ మూడింటితో పికప్ స్వభావం చాలావరకు తేలిపోతుంది. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి. చివర్లో పనికొస్తాయి.

గుంయ్... మనే గొడవ

తొలినాళ్ళ పికప్పులన్నిటికీ ఒకటే చుట్ట. వాటినే సింగిల్ కాయిల్ అంటారు. శబ్దం మహా స్వచ్ఛం, గాజు గ్లాసు మీద స్పూనుతో కొట్టినట్టు. కాని ఒక్కటే జబ్బు. రాగి చుట్ట కదా, చుట్టుపక్కల కరెంటు వైర్లు, ట్యూబులైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు వెదజల్లే చప్పుడంతా పీల్చుకుంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. ఆ లెక్కలోనే స్పీకర్లోంచి తుమ్మెదల గుంపు వచ్చినట్టు ఒకటే గుంయ్...!

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్ళో గిబ్సన్ ఫాక్టరీ ఉండేది. అందులో సెత్ లవర్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. ఆంప్లిఫయర్లలో హమ్ తగ్గించడానికి వాడే ఓ రకం కాయిల్ సంగతి ఆయనకు తెలుసు. అదే ఉపాయం గిటారు పికప్‌కు ఎందుకు పనికిరాదు అనుకున్నాడు.

ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఒకటికి బదులు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టాడు. రెండోది మొదటి దానికి ఎదురు దిశలో పనిచేసేలా కలిపాడు. బయటి నుంచి వచ్చే హమ్ రెండింట్లోనూ పుడుతుంది గాని, ఒకటి ఇటు లాగితే రెండోది అటు లాగుతుంది. రెండూ కొట్టుకుని చస్తాయి! మరి గిటారు శబ్దం కూడా చచ్చిపోదా? అక్కడే ఉంది తెలివి. రెండో చుట్టలో అయస్కాంతపు ధ్రువాన్ని కూడా తిరగేశాడు. దాంతో తీగె శబ్దం రెండుసార్లు తిరగబడి మళ్ళీ తిన్నగా వచ్చి, మొదటి దానితో కలిసిపోయింది. హమ్ పోయింది, పాట మిగిలింది. హమ్‌ను పడదోసేది గనుక దాని పేరు హంబకర్.

దాదాపు అదే కాలంలో రే బట్స్ అనే మరో అమెరికన్ విడిగా ఇలాంటిదే తయారుచేశాడు. గ్రెచ్ కంపెనీ గిటార్లలో ‘ఫిల్టర్‌ట్రాన్’ పేరుతో వచ్చింది అది. దాని సంగతి కూడా ముందు ముందు వస్తుంది.

అయితే రెండు చుట్టలు పెట్టడంతో ఒక అదనపు లాభం దొరికింది. ఒక్క చోట కాకుండా తీగె ఊపును రెండు చోట్ల పట్టుకోవడంతో కీచుమనే పైశబ్దాలు కాస్త అణిగాయి. ధ్వని చిక్కబడింది. పలచని మజ్జిగ గడ్డ పెరుగైనట్టు! ఆ చిక్కదనమే తర్వాత హార్డ్ రాక్‌కు ఊపిరైంది.

‘దరఖాస్తు పెట్టాం’ అనే చీటీ

పేటెంటు 1959 జూలైలో గాని మంజూరు కాలేదు. ఈలోగా తయారైన పికప్పుల అడుగున గిబ్సన్ వారు ఓ చిన్న నల్ల చీటీ అంటించేవారు. దాని మీద బంగారు రంగు అక్షరాలు... ‘పేటెంట్ అప్లయిడ్ ఫర్’. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే పి.ఏ.ఎఫ్. ఇప్పటికీ గిటారిస్టులు ఆ మూడక్షరాలూ దేవుడి పేరు తలుచుకున్నట్టు పలుకుతారు! పేటెంటు వచ్చాక కూడా కొన్నేళ్ళు ఆ చీటీయే అంటించారు. తర్వాత నంబరు వేశారు గాని, ఆ నంబరు పికప్‌ది కాదు, గిటారు చివర తీగెలు బిగించే మరో పరికరానిది! నకిలీలు చేసేవాళ్ళను దారి తప్పించడానికే అలా చేశారని చెప్పుకుంటారు.

ఆ పి.ఏ.ఎఫ్. లో ఏముంది? ఒక్కో చుట్టకు సుమారు 5,000 చుట్లు, 42వ గేజీ తీగ. కింద ఆల్నికో అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్టు ఇనుముతో కలిపితే ఆల్నికో. ఆ రోజుల్లో చుట్లు లెక్కపెట్టి మెషిన్ ఆపే పని అంత కచ్చితంగా ఉండేది కాదు. అందుకే ఏ రెండు పికప్పులూ ఒక్కలా ఉండవు. మీటరు పెట్టి చూస్తే ఒకటి ఏడున్నర కిలోఓములు చూపిస్తే ఇంకొకటి ఎనిమిదిన్నర, మరొకటి తొమ్మిది. అయస్కాంతం కూడా చేతికి దొరికిన రకం వేసేసేవారు. అదృష్టం బాగుండి కుదిరిన వాటి శబ్దం మాత్రం అమృతం!

అమ్ముడుపోని గిటారుకు అందలం

ఈ పికప్పులు పెట్టిన లెస్ పాల్ గిటారును గిబ్సన్ వారు 1958లో ఎర్ర, పసుపు రంగుల సన్‌బర్స్ట్ సొగసుతో వదిలారు. ఎవరూ పెద్దగా కొనలేదు. బరువెక్కువ, పాతకాలపు పోకడ అన్నారు. 1960లో ఆ రూపానికి మంగళం పాడి, పల్చగా రెండు కొమ్ములుండే కొత్త రూపం తెచ్చారు. దానికే తర్వాత ఎస్.జి. అని పేరు.

1966లో ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ అనే యువకుడు పాత లెస్ పాల్ ఒకటి సంపాదించి, జాన్ మేయాల్ బృందంతో కలిసి ఒక ఎల్పీ రికార్డు చేశాడు. స్టూడియోలో మార్షల్ ఆంప్లిఫయర్ వాల్యూం బాగా పెంచి గానీ వాయించనన్నాడు. వాల్వులు తట్టుకోలేక శబ్దం పగిలింది. ఆ పగిలిన శబ్దం ఎంత తియ్యగా ఉందంటే, లండన్ కుర్రాళ్ళంతా పాత లెస్ పాల్ గిటార్ల కోసం పరుగులు తీశారు. గిరాకీ చూసి గిబ్సన్ వారు 1968లో లెస్ పాల్‌ను మళ్ళీ తయారుచేయక తప్పలేదు. 1969లో లెడ్ జెపెలిన్ బృందపు జిమ్మీ పేజ్, జో వాల్ష్ దగ్గర ఒక పాత లెస్ పాల్ కొన్నాడు. తర్వాతి కథ లోకమంతటికీ తెలిసిందే.

ఇక్కడ ఆగి ఓ మాట ఆలోచించండి. ఆ గిటార్లలోని పికప్పులు బలమైనవి కావు. నేటి లెక్కల్లో చూస్తే చాలా నెమ్మదైనవి! మరి గర్జన ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆంప్లిఫయర్ నుంచి. పికప్ పని, తీగె చెప్పిన మాటను చెడగొట్టకుండా, స్పష్టంగా, చిక్కగా అందించడం. పగలగొట్టే పని వాల్వులది. మీరు మెల్లగా మీటితే శుభ్రంగా పలికేది, గట్టిగా మీటితే గర్జించేది. నటుడి గొంతులోని హెచ్చుతగ్గుల్లాగా. సీను మొదటి నుంచి చివరిదాకా ఒకే స్థాయిలో అరిచే నటుణ్ణి మనం భరించగలమా?

ఇంకో సాక్ష్యం కావాలా? ఏ.సి.డి.సి. బృందంలో నిక్కరు వేసుకుని స్టేజంతా గెంతే యాంగస్ యంగ్ చేతిలో ఎస్.జి. గిటారు అందరికీ కనిపిస్తుంది. వెనకాల మూల నిలబడి, కొండలా రిథమ్ వాయించే అన్నగారు మాల్కమ్ యంగ్‌ను ఎవరూ పట్టించుకోరు. ఆయన 2017లో చనిపోయారు. ఆయన గ్రెచ్ గిటారులో మిగిలిన పికప్పులు పీకేసి ఒకే ఒక్కటి ఉంచుకున్నారు. ఏది? ఇందాక చెప్పిన ఆ ఫిల్టర్‌ట్రాన్! పి.ఏ.ఎఫ్. కన్నా కూడా నెమ్మదైనది. 1980 నాటి ‘బాక్ ఇన్ బ్లాక్’ వినండి. అంత బరువైన రికార్డులో ఆయన కొట్టిన ప్రతి కార్డులోనూ ప్రతి తీగె విడివిడిగా వినిపిస్తుంది.

మైనంలో ముంచిన మహత్తు

మళ్ళీ మన మార్టీ దగ్గరకు వద్దాం. అదే సినిమాలో అర్ధరాత్రి తన తండ్రిని భయపెట్టి దారికి తేవడానికి, వేరే గ్రహం నుంచి వచ్చినవాడి వేషంలో వెళ్ళి, వాక్‌మన్ హెడ్‌ఫోను చెవులకు తగిలించి ఒక కేసెట్టు పెడతాడు. ఒక్క దెబ్బకు ఆయన ఉలిక్కిపడి లేస్తాడు. ఆ కేసెట్టు మీది పేరు వాన్ హేలెన్! మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’ పాట మధ్యలో మెరుపు తీగలా వచ్చే గిటారు వాయించింది కూడా ఆ ఎడ్డీ వాన్ హేలెనే. దానికి ఆయన డబ్బు కూడా తీసుకోలేదు.

ఎడ్డీకి గిబ్సన్ చిక్కదనమూ కావాలి, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఆకారమూ, దాని ఊపే పిడీ కావాలి. రెండూ ఉన్న గిటారు అప్పుడు దుకాణాల్లో ఆయనకు నచ్చినట్టు దొరకలేదు. ఏం చేశాడు? యాభై డాలర్లకు తయారీలో లోపమున్న ఓ చెక్క బాడీ, ఎనభై డాలర్లకు మెడ కొన్నాడు. తన దగ్గరున్న గిబ్సన్ ఇ.ఎస్. 335 లోంచి పికప్ పీకాడు. అది పి.ఏ.ఎఫ్! మార్టీ వాయించిన 345కి ఈ 335 తోబుట్టువు. చెక్కలో గొయ్యి తవ్వి పికప్‌ను బిగించేశాడు.

పెద్ద శబ్దంలో పికప్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. వదులుగా ఉన్న రాగి చుట్లు తామే వణుకుతుంటే వచ్చే అరుపు అది. దానికి ఎడ్డీ కనుక్కున్న మందు, పికప్‌ను కరిగించిన పారఫిన్ మైనంలో ముంచడం! మైనం చుట్ల మధ్య గడ్డకట్టి కదలకుండా పట్టేసింది. ఈ ప్రయోగంలో ఆయన కొన్ని పికప్పులను కరిగించి పాడుచేసుకున్నాడు కూడా. ఇది చదివి వంటింట్లో స్టవ్ మీద మైనం పెట్టేరు సుమా! భగ్గుమంటుంది. ఇప్పుడు ఎన్నో పికప్పులు ఫాక్టరీలోనే మైనం పట్టించుకుని వస్తున్నాయి.

1978లో వచ్చిన ఆ బృందపు తొలి రికార్డుతో గిటారు లోకం తలకిందులైంది. ఎడ్డీ 2020లో కన్నుమూశాడు. నలుపు, తెలుపు, ఎరుపు చారలతో ఆ గిటారు ఫోటో నేటికీ కుర్రాళ్ళ గదుల్లో గోడలెక్కుతూనే ఉంది.

ఒంటి చుట్ట వీరులు

ఇంతవరకూ చదివి, హంబకర్ లేకపోతే హార్డ్ రాకే లేదనుకోకండి. లెడ్ జెపెలిన్ తొలి రికార్డులో జిమ్మీ పేజ్ ఎక్కువగా వాయించింది సింగిల్ కాయిల్ టెలికాస్టర్ మీద. డీప్ పర్పుల్ రిచీ బ్లాక్‌మోర్ చేతిలోది స్ట్రాటోకాస్టర్.

అన్నిటికన్నా విచిత్రం బ్లాక్ సబ్బాత్ టోనీ అయోమీ కథ. బర్మింగ్‌హామ్ కుర్రాడు. పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫాక్టరీలో మెషిన్ కింద పడి కుడి చేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమ చేతివాటం. తీగెలు నొక్కాల్సింది కుడి చేత్తోనే! ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు తనే చేసుకుని మళ్ళీ వాయించాడు. 1969 అక్టోబరులో తొలి రికార్డు కోసం లండన్ స్టూడియోకి వెళ్తే, ఒక పాట అయ్యేసరికి స్ట్రాటోకాస్టర్ పికప్ చచ్చి ఊరుకుంది. స్టూడియోలో ఉన్నది ఒక్క రోజే! పక్కనే తోడుగా తెచ్చుకున్న గిబ్సన్ ఎస్.జి. అందుకుని మిగతావి కానిచ్చాడు. అందులో ఉన్నది పి-90 అనే లావుపాటి సింగిల్ కాయిల్. హెవీ మెటల్‌కు నాంది పలికిన శబ్దం ఆ రోజు అలా పుట్టింది.

మా మేనల్లుడి పాట్లు

ఇక మా ఇంటి కథ ఒకటి చెప్పాలి. మా అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెకండ్ హాండులో లెస్ పాల్ తరహా గిటారు కొన్నాడు. కాలేజీ వార్షికోత్సవానికి బాండు కట్టారు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బంతా పెట్టి కొత్త పికప్ తెప్పించాడు.

“మామయ్యా, ఇది పదహారు కిలోఓములు! పాతది ఎనిమిదే. అంటే రెట్టింపు పవరు,” అన్నాడు మెరిసే కళ్ళతో.

“ఒరేయ్, నీ గొంతు రెట్టింపు చేస్తే పాట రెట్టింపు అవుతుందట్రా?” అన్నాను. వింటేగా!

రిహార్సలుకు నన్నూ పిలిచాడు. ఒక్కడే వాయిస్తే సింహమే. డ్రమ్ములు, బాస్ మొదలయ్యేసరికి గిటారు శబ్దమంతా ముద్దయిపోయింది. ఏ కార్డు కొడుతున్నాడో తెలియదు. సోలో వస్తే దోమ పాడినట్టుంది. బాండు నాయకుడు మొహమాటం లేకుండా, “ఇలాగైతే వేరే గిటారిస్టును చూసుకుంటాం,” అనేశాడు. వార్షికోత్సవానికి పది రోజుల గడువు. చేతిలో డబ్బు లేదు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని, బీరువా అడుగున కవర్లో పడేసిన పాత పికప్ వెతికి తీశాం. నేను టార్చి పట్టుకుంటే వాడు సోల్డరింగు చేశాడు. తీగెలకు మరీ దగ్గరగా పోకుండా స్క్రూలు తిప్పి కిందకు దించాం. పెడల్ మీద డిస్టార్షన్ బిరడాను సగానికి తగ్గించాం. “ఇంత తక్కువా మామయ్యా!” అన్నాడు అనుమానంగా. ఆంప్లిఫయర్ వాల్యూం కాస్త పెంచి కార్డు కొట్టాడు. ఆరు తీగెలూ ఆరు మాటలు చెప్పాయి! వార్షికోత్సవంలో మధ్యలో ఒకసారి కీచుమంది గాని, సోలోకి వెనక బెంచీలవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. కొత్త పికప్ ఇప్పుడు ఆ బీరువాలో ఉంది.

తప్పెక్కడ జరిగింది?

అలాంటి బలమైన పికప్పులు పనికిమాలినవని కాదు. 1972లో లారీ డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’ తయారుచేసినప్పుడు దానికో కారణముంది. అప్పటి చాలా ఆంప్లిఫయర్లలో శబ్దాన్ని విడిగా పగలగొట్టే బిరడా ఉండేది కాదు. పికప్పే గట్టిగా తోస్తే వాల్వులు తొందరగా పగిలేవి. కిస్ బృందపు ఏస్ ఫ్రేలీ లాంటివాళ్ళు దానితో పేరు తెచ్చుకున్నారు. సేమూర్ డంకన్ వారి ‘జె.బి.’ కూడా ఆ బాటలోదే. 80ల నాటి మెటల్ కావాలంటే అవే సరైనవి.

కాని ఇవాళ పగలగొట్టే పని చేయడానికి పెడళ్ళు, ప్రాసెసర్లు చాలినన్ని ఉన్నాయి. దాని మీద పికప్ కూడా తోస్తే, ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేసినట్టే! 70ల నాటి సాంప్రదాయ గర్జన కోరేవాళ్ళకు కావలసింది నెమ్మదైన పికప్. కాస్త వాల్యూం పెంచిన ఆంప్లిఫయర్. అంతే రహస్యం.

ఇంకో భ్రమ కూడా వదిలించుకోండి. కిలోఓములంటే పవరు కాదు. తీగ సన్నబడితే ఓములు పెరుగుతాయి, పవరు పెరగాలనేం లేదు. మనిషి బరువు చూసి బలం చెప్పగలమా?

కొనబోయే ముందు...

మొదటి పని: ఏమీ కొనకండి! స్క్రూడ్రైవర్ తీయండి. పికప్ రెండు వైపులా ఉండే స్క్రూలు దాని ఎత్తును మారుస్తాయి. చివరి మెట్టు దగ్గర తీగెను నొక్కి పట్టి చూస్తే, బ్రిడ్జి దగ్గరి హంబకర్‌కూ తీగెకూ మధ్య రెండు మిల్లీమీటర్ల చోటు ఉంటే చాలు. లావు తీగెల వైపు కాస్త ఎక్కువ, సన్న తీగెల వైపు కాస్త తక్కువ. అక్కణ్ణుంచి పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినండి. దగ్గరైతే ఘాటు, దూరమైతే గాలి ఆడినట్టు స్పష్టత. పైసా ఖర్చు లేని పని ఇది. తీగెలు పాతబడితే మార్చండి. డిస్టార్షన్ తగ్గించి, వాల్యూం పెంచి చూడండి. సగం మందికి ఇక్కడే సమస్య తీరిపోతుంది.

రెండోది: హమ్ గొడవ. హంబకర్ ఉన్నా గుంయ్ మంటూ, తీగెలు ముట్టుకోగానే మరీ పెరిగినా, చేతికి చురుక్కుమన్నా, అది పికప్ లోపం కాదు, ఇంటి ఎర్తింగ్ లోపం కావచ్చు. వెంటనే ప్లగ్గు తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నులతో నెట్టుకురావడం ప్రాణాంతకం. 1972లో స్వాన్సీలో ‘స్టోన్ ది క్రోస్’ గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్తింగ్ లేని మైకు ముట్టుకుని వేదిక మీదే ప్రాణం వదిలాడు.

మూడోది: ఇంకా కొనాలనే అనిపిస్తే, బ్రిడ్జి పికప్ ఒక్కటే కొనండి. హార్డ్ రాక్ ఎక్కువగా పలికేది అక్కడే. ఆల్నికో 2 అయితే మెత్తగా, తియ్యగా ఉంటుంది. ఆల్నికో 5 అయితే బిగువుగా, మెరుపుగా ఉంటుంది. మామూలు 42వ గేజీ తీగతో ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర కిలోఓముల మధ్య ఉన్నది పాత పి.ఏ.ఎఫ్. దారిలోనిది. గిబ్సన్ ‘57 క్లాసిక్’, సేమూర్ డంకన్ ‘59’ లాంటి పేర్లు చూడగానే ఏ ఏడాదిని తలుచుకుని చేశారో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

నాలుగోది: కొలతలు. ఫెండర్ తరహా బ్రిడ్జిలో తీగెల ఎడం కాస్త ఎక్కువ. దానికి తగ్గ పికప్ వేరే ఉంటుంది. మీ గిటారులో హంబకర్ పట్టే గొయ్యి ఉందో లేదో ముందే చూసుకోండి. హంబకర్‌కు 500 కిలోఓముల వాల్యూం కంట్రోలు వాడితే శబ్దం విచ్చుకుంటుంది. స్ట్రాటోకాస్టర్‌లో ఉండే 250 అయితే కాస్త ముసుగేసినట్టు ఉంటుంది. వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. పెట్టెలోని పటం చూడకుండా సోల్డరింగు కర్ర పట్టకండి.

ఆఖరి మాట. విప్పిన పాత పికప్‌ను పారేయకండి, అమ్మేయకండి. కాగితంలో చుట్టి బీరువాలో దాచండి. ఎందుకో మా మేనల్లుడిని అడిగితే చెబుతాడు!